గిటార్ నెక్: కొనేముందు ఏమి చూడాలి, కొన్నాక ఎలా నిలబెట్టుకోవాలి

గిటార్ కొనేవారిలో ఎక్కువమంది బాడీ రంగును, మెరుపును, పైపలక ఏ చెక్కతో చేశారన్న వివరాన్ని చూసి నిర్ణయం తీసుకుంటారు. నాదం విషయంలో అవి ముఖ్యమే. అయితే కొన్నేళ్ళ తరువాత కూడా ఆ గిటార్ తీగలు చేతికి సులువుగా అందుతాయా, ఏ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గరా గరగరమనకుండా పలుకుతుందా అన్నవి చాలావరకు నెక్ మీదే, అంటే బాడీ నుంచి పొడవుగా సాగి తీగలను మోసే భాగం మీదే ఆధారపడి ఉంటాయి. బాడీకి చిన్న పగులు వచ్చినా గిటార్ పలుకుతూనే ఉంటుంది. నెక్ మెలి తిరిగితే మాత్రం ఎంత ఖరీదైన వాద్యమైనా పక్కన పెట్టవలసి వస్తుంది. నెక్ ఏ చెక్కతో చేశారన్నదాని కన్నా, ఆ చెక్కలో నార ఎటు పోతోంది, ముక్కలను ఎక్కడ, ఎలా అతికారు అన్నవే దాని ఆయుష్షును ఎక్కువగా నిర్ణయిస్తాయి. ఈ రెండింటినీ దుకాణంలో నిలబడి కంటితో చూసి తెలుసుకోవచ్చు.

నెక్ మోసే బరువు

స్టీల్ తీగల అకౌస్టిక్ గిటార్‌కు 12 నుంచి 53 వరకు (తీగల లావు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఉండే లైట్ సెట్ వేసి మామూలు శ్రుతికి తెస్తే ఆరు తీగల బిగువు కలిపి దాదాపు 73 కిలోల బరువుకు సమానమవుతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌పై 10 నుంచి 46 సెట్ అయితే అది 45 కిలోల చుట్టుపక్కల, 9 నుంచి 42 సెట్ అయితే 38 కిలోల దగ్గర ఉంటుంది. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌పై సుమారు 40 కిలోలు. ఇంత బిగువునూ, పైన వేళ్ళు నొక్కే పలక అయిన ఫింగర్‌బోర్డ్‌తో కలిపి 20 నుంచి 23 మిల్లీమీటర్ల మందం మాత్రమే ఉండే చెక్క కడ్డీ రాత్రింబగళ్ళు భరించాలి. ఎడతెగని బరువు కింద చెక్క ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా వంగుతూ పోతుంది, అలా వంగినది పూర్తిగా వెనక్కి రాదు.

ఈ లెక్కలోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. చవకగా దొరికిన క్లాసికల్ గిటార్‌కు శబ్దం పెద్దగా రావాలని స్టీల్ తీగలు వేయడం మన దగ్గర తరచుగా కనిపిస్తుంది. ఆ నెక్‌లో చాలాసార్లు ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఉక్కు కడ్డీ) ఉండదు. దాని పైపలకను, దాని మీద తీగల కొసలను పట్టి ఉంచే బ్రిడ్జ్‌ను 40 కిలోల కోసమే చేశారు. దానిపై 70 కిలోలకు పైగా బిగువు పెడితే నెక్ వంగిపోవడమో బ్రిడ్జ్ ఊడి రావడమో జరుగుతుంది. గిటార్ ఏ తీగల కోసం తయారైందో ఆ తీగలే వేయాలి.

మందం గురించి ఒక్క మాట. ఒక కడ్డీ వంగకుండా నిలిచే శక్తి దాని మందం యొక్క ఘనాన్ని అనుసరించి మారుతుంది. మిగతావన్నీ ఒకేలా ఉండి, మందం 20 మిల్లీమీటర్ల నుంచి 19కి తగ్గితే ఆ శక్తి సుమారు 14 శాతం తగ్గిపోతుంది. వేగంగా వాయించడానికి వీలుగా సన్నగా చేసిన నెక్‌లు చేతికి ఎంత హాయిగా ఉన్నా, వాటి లోపల అదనపు బలం ఏదో ఒకటి ఉండి తీరాలి. సన్నని నెక్, లోపల ఒకే ముక్క మామూలు చెక్క, పైగా లావు తీగలు అనే కలయికకు దూరంగా ఉండటం మంచిది.

నార ఎటు పోతోంది

చెక్కలోని నార నెక్ పొడవునా, దానికి సమాంతరంగా సాగాలి. దీన్ని పరిశీలించడానికి గిటార్‌ను వెలుతురులో పక్కకు తిప్పి పట్టుకుని, ఫింగర్‌బోర్డ్ కింద కనిపించే నెక్ పక్కభాగాన్ని చూడండి. సన్నని చారలు నట్ (నెక్ పైచివర తీగలు ఆనే చిన్న పట్టీ) దగ్గర మొదలై హీల్ (బాడీని కలిసే నెక్ మడమ) దాకా దాదాపు సమాంతరంగా సాగితే అది మంచి చెక్క. అవి కొద్ది దూరంలోనే ఏటవాలుగా దిగి నెక్ వెనుకభాగంలోకి కలిసిపోతుంటే, అక్కడ నార తెగిపోయిందని అర్థం. అలాంటి చోట నెక్ సులభంగా వంగుతుంది, దెబ్బ తగిలితే ఆ ఏటవాలు వెంటే చీలుతుంది. ముదురు రంగు పూత వేసిన నెక్‌లలో ఇది కనిపించదు. అందుకే ఒకే ధరలో రెండు గిటార్లు ఉన్నప్పుడు, నెక్ చెక్క సహజంగా కనిపించేదాన్ని ఎంచుకోవడమే మేలు.

దుంగను ఏ దిశలో కోశారన్నది రెండో విషయం. వార్షిక వలయాలు ఫింగర్‌బోర్డ్‌కు నిలువుగా వచ్చేలా కోసిన చెక్కను క్వార్టర్‌సాన్ అని, అడ్డంగా పడుకున్నట్టు వచ్చేలా కోసినదాన్ని ఫ్లాట్‌సాన్ అని అంటారు. క్వార్టర్‌సాన్ నెక్ వెనుకభాగంలో చారలు గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి. ఫ్లాట్‌సాన్ నెక్ వెనుక అవే చారలు పొడవాటి అండాకారాలుగా విచ్చుకుంటాయి. ఈ తేడా ఎందుకంటే, చెక్క తేమను కోల్పోయినప్పుడు అన్ని దిశల్లోనూ ఒకేలా కుంచించుకుపోదు. పచ్చి హార్డ్ మేపుల్ పూర్తిగా ఎండేసరికి వలయాల వెంట దాదాపు 10 శాతం, వలయాలకు అడ్డంగా, అంటే చెట్టు నడిబొడ్డు వైపు దాదాపు 5 శాతం కుంచించుకుపోతుంది. హోండురాస్ మహోగనిలో ఇవే అంకెలు సుమారు 4, 3 శాతం. రెండు దిశల మధ్య తేడా ఎంత తక్కువైతే చెక్క అంత తక్కువగా మెలి తిరుగుతుంది. మేపుల్ కన్నా మెత్తనిదైనా మహోగని నెక్‌కు మంచి పేరు రావడానికి ఇదొక పెద్ద కారణం.

అలాగని ఫ్లాట్‌సాన్ నెక్‌ను చూసి భయపడనక్కరలేదు. ఫెండర్ గిటార్ల నెక్‌లలో అత్యధికం ఫ్లాట్‌సాన్ మేపుల్‌తో చేసినవే, వాటిలో దశాబ్దాల తరబడి చక్కగా నిలిచినవి ఎన్నో ఉన్నాయి. నార తిన్నగా ఉండి, చెక్క బాగా ఆరి ఉంటే కోత దిశ వల్ల వచ్చే తేడా చిన్నదే. నార వంకరగా ఉంటే క్వార్టర్‌సాన్ కూడా కాపాడలేదు. మేపుల్‌లో అలలు అలలుగా, కళ్ళు కళ్ళుగా కనిపించే అందమైన నమూనాలు నిజానికి నార వంకరలే. చూడముచ్చటగా ఉన్నా, నెక్‌గా అవి సాదా మేపుల్ అంత స్థిరంగా ఉండవు. ఆ అందం బాడీ పైపలకకు పరిమితమైతే మంచిదని నా అభిప్రాయం.

ఈ మధ్య బాగా కనిపిస్తున్న రోస్టెడ్ మేపుల్‌ది వేరే దారి. ప్రాణవాయువు దాదాపు లేని బట్టీలో ఎక్కువ వేడి మీద కాల్చడం వల్ల ఆ చెక్క తేమను పీల్చే గుణం తగ్గి, రుతువులు మారినా అంతగా కదలదు. కాకపోతే మామూలు మేపుల్ కన్నా కొంచెం పెళుసుగా ఉంటుంది కనుక, స్క్రూలు తీసి మళ్ళీ బిగించేటప్పుడు జాగ్రత్త అవసరం.

ఒకే ముక్కా, అనేక ముక్కలా

బొబ్బిలిలో ఒకే పనస దుంగను తొలిచి చేసే ఏకాండ వీణను మనం గౌరవంగా చూస్తాం కనుక, గిటార్ నెక్ కూడా ఒకే ముక్క చెక్కతో ఉంటేనే మేలురకమని అనిపించడం సహజం. నిలకడ విషయంలో మాత్రం ఆ నమ్మకం ఇక్కడ పనికిరాదు. మూడు లేదా అయిదు నిలువు పట్టీలను, ఒకదాని నార వాలు పక్కదానికి ఎదురుగా ఉండేలా తిప్పి అతికితే, ఒక పట్టీ ఒక వైపు మెలి తిరగబోయినప్పుడు పక్క పట్టీ దాన్ని అడ్డుకుంటుంది. మంచి జిగురుతో, నార వెంట అతికిన అతుకు చుట్టూ ఉన్న చెక్క కన్నా బలంగా ఉంటుంది. మేపుల్, వాల్‌నట్ పట్టీలను ఒకదాని పక్కన ఒకటి పేర్చి చేసే అయిదు ముక్కల నెక్‌లను ఐబనెజ్ తన సన్నని నెక్ ఉన్న గిటార్లలో ఎన్నో ఏళ్ళుగా వాడుతోంది. 1970లలో గిబ్సన్ కూడా కొంతకాలం మూడు ముక్కల మేపుల్ నెక్‌లు చేసింది.

కొందరు తయారీదారులు ఫింగర్‌బోర్డ్ కింద, ట్రస్ రాడ్‌కు ఇరువైపులా కార్బన్ ఫైబర్ కడ్డీలు పెడతారు. చెక్క కన్నా కార్బన్ ఫైబర్ దాదాపు పదింతలు గట్టిగా వంపును ఎదిరిస్తుంది, పైగా గాలిలోని తేమకు కదలదు. ఏడు, ఎనిమిది తీగల గిటార్లలో, పొడవాటి బేస్ గిటార్లలో ఇవి ఉంటే అదనంగా కొంత చెల్లించడం న్యాయమే. మామూలు ఆరు తీగల గిటార్‌కు ఇవి తప్పనిసరి కాదు.

హెడ్‌స్టాక్: నెక్ విరిగే చోటు

వంగడం నెమ్మదిగా జరిగే నష్టం, విరగడం ఒక్క క్షణంలో జరిగిపోయే నష్టం. గిటార్ నెక్‌లలో విరిగే చోటు చాలావరకు ఒక్కటే, నట్‌కు కొద్దిగా వెనుక, ట్యూనర్లు (తీగలను బిగించే మరలు) ఉండే హెడ్‌స్టాక్ మొదలయ్యే దగ్గర. దాని నిర్మాణాన్ని దగ్గరగా చూస్తే కారణం తెలుస్తుంది.

తీగలు నట్ మీద గట్టిగా ఆని ఉండాలంటే నట్ దాటాక అవి కిందికి వంగాలి. అందుకోసం గిబ్సన్ తరహా గిటార్లలో హెడ్‌స్టాక్‌ను 17 డిగ్రీల కోణంలో వెనక్కి వంచి చేస్తారు. ఆ నెక్ మొత్తాన్ని ఒకే పలక నుంచి కోసి తీసినప్పుడు, నెక్ పొడవునా తిన్నగా సాగిన నార హెడ్‌స్టాక్‌లోకి రాగానే ఏటవాలుగా దాన్ని దాటి బయటికి వెళ్ళిపోతుంది. హెడ్‌స్టాక్ మందం 15 మిల్లీమీటర్లు అనుకుంటే, 17 డిగ్రీల వాలులో ఒక్కో నార పోగు దాదాపు 51 మిల్లీమీటర్ల దూరంలోనే ఒక వైపు నుంచి మరో వైపుకు వచ్చి తెగిపోతుంది. అంటే అక్కడ చెక్కను పట్టి ఉంచేది అయిదు సెంటీమీటర్ల పొట్టి నార మాత్రమే. పైగా ట్రస్ రాడ్ బిగించే మర నట్ (ఇది తీగలు ఆనే నట్ కాదు) కోసం సరిగ్గా ఆ చోటే గుంట తవ్వుతారు. మహోగని చీలడానికి అంతగా ఎదురు నిలిచే చెక్క కాదు. ఈ మూడూ ఒకే చోట కలవడం వల్ల స్టాండ్ మీద నుంచి వెనక్కి పడిన ఒక్క పాటుకే హెడ్‌స్టాక్ విరిగిన గిటార్లు ప్రపంచమంతటా ఉన్నాయి.

ఈ సమస్య తయారీదారులకు తెలియనిది కాదు. 1960ల మధ్యలో గిబ్సన్ ఆ కోణాన్ని 14 డిగ్రీలకు తగ్గించింది. అప్పుడు పై లెక్క ప్రకారం నార పొడవు సుమారు 62 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. 1970 ప్రాంతం నుంచి 1980ల మొదటి వరకు నట్ వెనుక వాల్యూట్ అనే చిన్న ఉబ్బును కూడా వదిలింది. చెక్క అక్కడ మందంగా ఉండటంతో బలం పెరిగింది. పాత నమూనాలంటే ఇష్టపడే కొనుగోలుదారులకు ఈ మార్పులు నచ్చలేదు, తరువాత అవి చాలావరకు వెనక్కి వెళ్ళాయి. వాల్యూట్ అందం తగ్గిస్తుందని కొందరంటారు. గిటార్‌ను బస్సుల్లో, రైళ్ళలో మోసుకుపోయే వారికి మాత్రం అంత చవకైన బీమా మరొకటి లేదు.

ఫెండర్ దారి పూర్తిగా వేరు. హెడ్‌స్టాక్‌ను వంచకుండా నెక్‌కు సమాంతరంగానే ఉంచి, ముందు వైపు కొంత చెక్క తీసి కిందికి దించారు. నార హెడ్‌స్టాక్ చివరిదాకా తెగకుండా సాగుతుంది కనుక అది విరగడం చాలా అరుదు. తీగల వాలు తగ్గిపోతుంది కాబట్టి సన్న తీగలను కిందికి నొక్కి పట్టడానికి చిన్న లోహపు ట్రీలు బిగిస్తారు. ధర తక్కువ, బలం ఎక్కువ అయిన ఈ పరిష్కారాన్ని నేను ఇంజినీరింగ్‌గా చాలా గౌరవిస్తాను.

మూడో మార్గం స్కార్ఫ్ అతుకు. నెక్ పలకను ఏటవాలుగా కోసి, కోసిన ముక్కను తిప్పి అతికి, హెడ్‌స్టాక్‌కు కోణం వచ్చేలా చేస్తారు. అప్పుడు నెక్‌లో నార నెక్ పొడవునా, హెడ్‌స్టాక్‌లో నార హెడ్‌స్టాక్ పొడవునా సాగుతుంది, పొట్టి నార ఎక్కడా మిగలదు. స్పెయిన్ సంప్రదాయంలో క్లాసికల్ గిటార్లు చేసేవారు దీన్ని ఎంతోకాలంగా వాడుతున్నారు. మన దుకాణాల్లో తక్కువ, మధ్యస్థ ధరల్లో దొరికే అకౌస్టిక్ గిటార్లలోనూ ఇదే ఎక్కువగా కనిపిస్తుంది. నెక్ వెనుక మొదటి మూడు ఫ్రెట్‌ల ప్రాంతంలో గానీ, హెడ్‌స్టాక్ వెనుక గానీ ఒక సన్నని వంపు గీత, దానికి రెండు వైపులా చెక్క రంగులో చిన్న తేడా కనిపిస్తే అది ఆ అతుకే. దాన్ని పగులు అనుకుని గిటార్‌ను తిప్పి పంపేవారు ఉన్నారు. పగులుకు, అతుకుకు తేడా తెలుసుకోవడానికి గోరును గీత మీదుగా అడ్డంగా జరపండి. అతుకు నునుపుగా, రెండు పక్కలా ఒకే ఎత్తులో, తీరైన గీతగా ఉంటుంది. పగులు నార వెంట రంపపు పళ్ళలా సాగి గోరుకు తగులుతుంది, హెడ్‌స్టాక్‌ను మెల్లగా నొక్కితే కొద్దిగా తెరుచుకుంటుంది.

ట్రస్ రాడ్ చేయగలిగేది, చేయలేనిది

నెక్ లోపల పొడవునా ఉండే ఉక్కు కడ్డీ ట్రస్ రాడ్. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ బిగించడానికి వీలైన రాడ్ కోసం 1921లో దరఖాస్తు చేయగా, 1923లో పేటెంట్ వచ్చింది. మార్టిన్ కంపెనీ మాత్రం 1985 దాకా బిగించే రాడ్ వాడలేదు. అంతకుముందు నెక్‌లలో ఉక్కుతో చేసిన కదలని కడ్డీలు ఉండేవి. ఆ నెక్‌లను సరిచేయడానికి పనివారు ఫ్రెట్ కాలును గాడి కన్నా కొంచెం లావుగా ఎంచుకుని కొట్టేవారు. గాడిలోకి దిగిన ప్రతి ఫ్రెట్ ఒక చీలలా పనిచేసి నెక్‌ను కొద్దిగా వెనక్కి నెడుతుంది. ఈ విషయం ఇప్పటికీ గుర్తుంచుకోదగినది, ఎందుకంటే ఫ్రెట్‌లు మార్పించాక నెక్ వంపు మారిపోవడానికి కారణం ఇదే.

ఒకే వైపు పనిచేసే రాడ్ తీగల బిగువుకు ఎదురుగా మాత్రమే నెక్‌ను లాగగలదు. రెండు వైపులా పనిచేసే రాడ్ నెక్ వెనక్కి వంగినా ముందుకు తేగలదు. తేమ మార్పులు తీవ్రంగా ఉండే చోట రెండోదే మంచిది. ఏ రాడ్ అయినా ముందు వెనుకల వంపును మాత్రమే సరిచేస్తుంది. మెలి తిరిగిన నెక్‌ను, నెక్ బాడీలో కలిసే కోణాన్ని, అరిగిన ఫ్రెట్‌ను అది సరిచేయలేదు. తీగలు ఎత్తుగా ఉన్నాయని వంపు కొలవకుండానే రాడ్ తిప్పేయడం వల్లే ఎక్కువ నెక్‌లు పాడవుతాయి.

కొలిచే పద్ధతి ఇది. గిటార్‌ను మామూలు శ్రుతికి తెచ్చి, మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే బిగింపు) పెట్టండి. లావు ఇ తీగను, అకౌస్టిక్ అయితే నెక్ బాడీని కలిసే ఫ్రెట్ దగ్గర, ఎలక్ట్రిక్ అయితే చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకోండి. ఇప్పుడు బిగువుగా ఉన్న ఆ తీగే మీకు స్కేలు. ఏడు, ఎనిమిది ఫ్రెట్‌ల దగ్గర ఫ్రెట్ పైభాగానికి, తీగ కింది భాగానికి మధ్య ఎంత సందు ఉందో కొలవండి. మోటారు మెకానిక్‌లు ట్యాపెట్ సందు కొలిచే ఫీలర్ గేజ్ విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది, దీనికి అది చక్కగా సరిపోతుంది. అది లేకపోతే మామూలు ఏ4 కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటర్లు కనుక రెండు, మూడు కాగితాల పొరలతో అంచనా వేయవచ్చు. ఆ సందు 0.15 నుంచి 0.3 మిల్లీమీటర్ల మధ్య ఉంటే నెక్ బాగానే ఉన్నట్టు, రాడ్‌ను ముట్టుకోనక్కరలేదు. సందు అసలు లేక తీగ ఫ్రెట్‌లకు ఆనుకుని ఉంటే నెక్ పూర్తిగా తిన్నగా గానీ వెనక్కి వంగి గానీ ఉంది. 0.4 దాటితే ముందుకు వంగింది.

తిప్పే ముందు సరైన కీ ఉందో లేదో చూసుకోండి. ఇక్కడ మన మార్కెట్‌కు సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే ఆలెన్ కీలు ఎక్కువగా మిల్లీమీటర్ల కొలతవి, అమెరికా గిటార్లలో చాలావాటి రాడ్ నట్‌లు అంగుళాల కొలతవి. అంగుళంలో ఎనిమిదో వంతు అంటే 3.175 మిల్లీమీటర్లు. అందులోకి 3 మిల్లీమీటర్ల కీ సులువుగా దిగుతుంది, కానీ బలంగా తిప్పగానే జారి, ఆరు మూలలనూ గుండ్రంగా అరగదీస్తుంది. అరిగిన రాడ్ నట్‌ను బయటికి తీయడం ఖర్చుతో కూడిన పని. గిటార్‌తో వచ్చిన కీని పారేయకుండా కేస్‌లోనే దాచుకోండి.

తీగల బిగువును కొద్దిగా తగ్గించి, రాడ్ నట్ వైపు నుంచి చూస్తూ సవ్యదిశలో తిప్పితే వంపు తగ్గుతుంది, అపసవ్య దిశలో తిప్పితే పెరుగుతుంది. రాడ్ నట్ సౌండ్‌హోల్‌లో (బాడీ మధ్య రంధ్రంలో) గానీ హీల్ దగ్గర గానీ ఉంటే ఆ చివర నుంచి చూసి ఇదే నియమం పాటించాలి. ఒకసారికి ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు మించి తిప్పకండి. మళ్ళీ శ్రుతి చేసి, కొలిచి, ఆ పూటకు వదిలేసి మరునాడు ఇంకోసారి కొలవండి, ఎందుకంటే చెక్క కొత్త స్థితికి రావడానికి సమయం పడుతుంది. రాడ్ నట్ కదలకుండా మొరాయించినా, లోపల కిర్రుమన్నా ఆపి, పనివారికి చూపించండి.

నెక్ బాడీని కలిసే చోటు

బోల్ట్‌తో బిగించే నెక్, జిగురుతో అతికే నెక్, బాడీ గుండా సాగిపోయే నెక్ అని ప్రధానంగా మూడు రకాలు. మూడూ సరిగ్గా చేస్తే బలమైనవే. తేడా మరమ్మతులో కనిపిస్తుంది. బోల్ట్ నెక్‌ను నాలుగు స్క్రూలు తీసి బయటికి తీయవచ్చు, కోణం సరిచేయవచ్చు, పూర్తిగా పాడైతే కొత్తది వేయవచ్చు. జిగురు నెక్‌ను విడదీయడానికి ఆవిరి, వేడి, అనుభవం కావాలి. రికెన్‌బ్యాకర్ బేస్‌లలో, గిబ్సన్ ఫైర్‌బర్డ్‌లో కనిపించే నెక్-త్రూ నిర్మాణంలో నెక్ మెలి తిరిగితే దాన్ని మార్చే దారి దాదాపు లేదు. అందుకే ఆ పద్ధతిలో అనేక పట్టీలు అతికిన నెక్ మాత్రమే తీసుకోవాలి.

స్టీల్ తీగల అకౌస్టిక్ గిటార్ కొనేటప్పుడు ఈ అతుకును ఎక్కువ శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే ఏళ్ళ బిగువుకు బాడీ కొద్దిగా రూపు మారి, నెక్ కోణం ముందుకు వాలుతుంది. ఒక పొడవాటి ఉక్కు స్కేలును నెక్ మధ్యలో ఫ్రెట్‌ల మీద పెట్టి బ్రిడ్జ్ దాకా జరపండి. దాని చివర బ్రిడ్జ్ చెక్క పైభాగానికి తాకుతూనో, అంతకు వెంట్రుకవాసి పైనో ఉండాలి. బ్రిడ్జ్ చెక్క పక్కభాగానికి గుద్దుకుంటే కోణం పడిపోయినట్టు. బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీ అయిన శాడిల్‌ను అరగదీసి కొంతకాలం నెట్టుకురావచ్చు గానీ, చివరికి నెక్ విడదీసి కోణం సరిచేసి మళ్ళీ అతకవలసిందే. మార్టిన్ సంప్రదాయపు డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారపు) అతుకులో ఇది రోజుల పని. టేలర్ 1999లో తెచ్చిన బోల్ట్ పద్ధతిలో సన్నని బద్దలు మార్చితే సరిపోతుంది. పాత గిటార్ కొనేవారు ధర మాట్లాడే ముందే ఈ స్కేలు పరీక్ష చేయాలి. దానితోపాటు హీల్‌కు, బాడీకి మధ్య ఒక కాగితం ముక్క దూరుతుందేమో చూడండి. దూరితే అతుకు విడుతోందని అర్థం.

మెలి ఉందో లేదో తెలుసుకోవడానికి ఒకే కొలత ఉన్న రెండు తిన్నని బద్దలను తీసుకుని, ఒకటి మొదటి ఫ్రెట్ మీద, రెండోది పన్నెండో ఫ్రెట్ మీద, నెక్‌కు అడ్డంగా, తీగలు లేనప్పుడు నేరుగా ఫ్రెట్‌లను ఆనేలా పెట్టండి. తీగలు ఉన్నప్పుడు కంటితోనే నట్ అంచును, చివరి ఫ్రెట్‌ను పోల్చి చూడాలి. హెడ్‌స్టాక్ వైపు నుంచి ఒక కంటితో చూసినప్పుడు రెండు బద్దల పైఅంచులు ఒకదానికొకటి సమాంతరంగా కనిపించాలి. ఒక వైపు ఎత్తుగా, మరో వైపు పల్లంగా కనిపిస్తే ఆ గిటార్‌ను ఎంత తగ్గింపు ఇచ్చినా కొనవద్దు.

వాతావరణం, ప్రయాణం

గాలిలో తేమ 80 శాతం ఉన్నప్పుడు చెక్క తన పొడి బరువులో దాదాపు 16 శాతం నీటిని నిలుపుకుంటుంది. 45 శాతం ఉన్నప్పుడు అది 8, 9 శాతానికి, 20 శాతం ఉన్నప్పుడు 4, 5 శాతానికి దిగుతుంది. చాలా గిటార్లు 45 నుంచి 50 శాతం తేమ ఉండే కార్ఖానాల్లో తయారవుతాయి. ఆ గిటార్ విశాఖపట్నం, కాకినాడ లాంటి తీర నగరాలకు వస్తే ఉబ్బుతుంది. వేసవిలో అనంతపురంలో ఎండుతుంది. ఇక్కడ కొని అమెరికాకో కెనడాకో తీసుకువెళ్తే, శీతాకాలంలో హీటర్ నడిచే గదిలో ఇంకా ఎక్కువగా ఎండుతుంది. ఎండిన దానికి తొలి గుర్తు ఫ్రెట్ చివరలు వేళ్ళకు గుచ్చుకోవడం. ఫ్రెట్ లోహం కనుక కుంచించుకోదు, ఫింగర్‌బోర్డ్ వెడల్పు తగ్గడంతో ఫ్రెట్ కొసలు బయటికి వస్తాయి. అప్పుడు ఆకురాయి పట్టే ముందు, చెక్కకు తేమ తిరిగి అందేలా చూడాలి. తేమ అందాక కొసలు లోపలికి వెళ్ళడం తరచుగా జరుగుతుంది.

అకౌస్టిక్ గిటార్‌లో తేమకు పైపలక కూడా కదులుతుంది. వానాకాలంలో ఉబ్బి తీగలను ఎత్తుతుంది, ఎండాకాలంలో కుంగి దించుతుంది. అందువల్ల రుతువు మారినప్పుడు తీగల ఎత్తు మారితే వెంటనే నెక్‌ను అనుమానించకుండా పైన చెప్పిన కొలత తీసుకోండి. గిటార్‌ను కేస్‌లో ఉంచి, అందులో తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టుకోవడం అన్నిటికన్నా తేలికైన రక్షణ. తీరప్రాంతంలో వానాకాలమంతా సిలికా జెల్ పొట్లాలు, పొడి ప్రదేశాల్లో గిటార్ కోసం అమ్మే, తేమను అందించే హ్యూమిడిఫయర్ వాడండి. పూత లేని రోజ్‌వుడ్, ఎబొనీ ఫింగర్‌బోర్డ్‌లకు ఏడాదికి ఒకటి రెండు సార్లు ఫింగర్‌బోర్డ్ నూనె పలుచగా రాసి తుడిచేయాలి. ఇంట్లో ఉన్న కొబ్బరినూనె, ఆవనూనె రాయవద్దు, అవి ముక్కిపోయి జిడ్డుగా పేరుకుంటాయి.

రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎండలో ఆపిన కారు లోపలి వేడి కొద్దిసేపట్లోనే 60 డిగ్రీలు దాటగలదు. గిటార్‌లలో వాడే చెక్క జిగురులు చాలావరకు ఆ వేడికి మెత్తబడటం మొదలవుతుంది, తీగల బిగువు మాత్రం తగ్గదు. అతుకులు జారిపోవడానికి ఇంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు. కారు దిగేటప్పుడు గిటార్‌ను కూడా దించుకోవాలి.

విమానంలోనో రైల్లోనో తీసుకువెళ్ళేటప్పుడు తీగలను ఒకటి రెండు స్వరాలు దించండి, పూర్తిగా వదులు చేయనక్కరలేదు. కేస్‌లో నెక్ కింద మెత్తటి గుడ్డ పెట్టి, హెడ్‌స్టాక్ కేస్ గోడను తాకకుండా గాలిలో ఉండేలా చూడండి. కేస్ వెల్లకిలా పడినప్పుడు ట్యూనర్ల బరువుకు హెడ్‌స్టాక్ వెనక్కి ఊగుతుంది, కేస్‌కు చిన్న గీత పడకపోయినా లోపల హెడ్‌స్టాక్ విరిగి కనిపించడం ఇందువల్లే. గోడకు హెడ్‌స్టాక్ దగ్గర తగిలించడం గురించి మాత్రం ఆందోళన అనవసరం. మూడు, నాలుగు కిలోల గిటార్ బరువు అంతకు పదింతలున్న తీగల బిగువు ముందు లెక్కలోకి రాదు. కాలు తగిలితే పడిపోయే స్టాండ్ కన్నా గోడ కొక్కెమే క్షేమం.

అయినా హెడ్‌స్టాక్ విరిగితే ముందుగా తీగలన్నిటినీ వదులు చేసి తీసేయండి, లేకపోతే అవి పగులును ఇంకా లాగుతాయి. విరిగిన ముఖాలను వేళ్ళతో తాకవద్దు, చేతి జిడ్డు జిగురును పట్టనివ్వదు. రాలిన పుడకలను, చెక్క ముక్కలను ఒక పొట్లంలో కట్టి ఉంచండి. తొందరపడి ఫెవిక్విక్ పోయవద్దు, అది నారలోకి ఇంకిపోతే తరువాత ఏ చెక్క జిగురూ అక్కడ పట్టదు. స్క్రూలు దించడం కూడా నారను ఇంకా చీలుస్తుంది. నార వెంట పొడవుగా చీలిన విరుపు చూడటానికి భయంకరంగా ఉన్నా అతకడానికి మంచిది, ఎందుకంటే జిగురు పట్టే వైశాల్యం ఎక్కువ. అనుభవజ్ఞుడు జంతు చర్మంతో చేసే హైడ్ గ్లూతోనో మంచి చెక్క జిగురుతోనో, తగిన క్లాంపులు బిగించి అతికితే అది మళ్ళీ పూర్తి బిగువును మోస్తుంది. నారకు అడ్డంగా, పొట్టిగా తెగిన విరుపుకు మాత్రం జిగురు ఒక్కటే చాలదు. అలాంటప్పుడు వెనుకభాగంలో గాడులు తీసి, నార తిన్నగా ఉన్న కొత్త చెక్క పట్టీలను అతికించమని పనివారిని అడగండి.